కడుపులో బిడ్డ కాగితం

మా పాడేరు కొండల మీద ఇంగ్లిషు కాగితం ఏది వచ్చినా ముందు బడికే వస్తుంది. బ్యాంకు నోటీసు, పోడు పట్టా, ఆధార్‌లో తప్పు, ఆసుపత్రి చీటీ, అన్నీ మేష్టారే చదివిపెట్టాలి. టీటీసీ చదివే రోజుల్లో పిల్లలకు అక్షరాలు నేర్పడమే మా పని అనుకున్నాం. ఊరందరి కాగితాలు చదవడం కూడా మా పనేనని ఉద్యోగంలో చేరాక తెలిసింది. అందులో తప్పు లేదు. నలుగురి కష్టంతో చదువుకున్నవాడు ఊరికి బాకీ ఉంటాడు.

అయితే ఒక కాగితం మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు.

ఎనిమిదేళ్ల కిందట, బడి వదిలే వేళకు ఒక యువకుడు వచ్చి మడత పెట్టిన కాగితం మా చేతిలో పెట్టాడు. భార్యకు అయిదో నెల. పట్నంలో స్కానింగ్ తీశారు. "డాక్టరమ్మ ఏదో చెప్పింది గానీ మాకు తెలీలేదు. ఇందులో ఏటుంది మేష్టారూ?" అన్నాడు. కాగితంలో దాదాపు అన్నీ బాగున్నాయనే రాశారు. ఒక్కచోట మాత్రం బిడ్డ మెదడులో లేటరల్ వెంట్రికల్స్ 11 మిల్లీమీటర్లు ఉన్నాయని, నాలుగు వారాల తర్వాత మళ్లీ చూడాలని ఉంది. వెంట్రికల్ అంటే గుండెలోని గది అని మేము చదువుకున్నాం. మెదడులోనూ గదులుంటాయని మాకు తెలియదు. తెలియదని చెప్పి ఊరుకోవలసింది. మేష్టారుకు తెలియదంటే చిన్నతనమనిపించింది. ఫోనులో వెతికి, సగం అర్థం చేసుకుని, "బిడ్డ తలలో నీరు చేరిందట" అన్నాం.

చీకటి పడేసరికి ఆ మాట ఊరంతా తిరిగింది. తల కుండంత పెద్దదై పుడుతుందన్నారు. గ్రహణం నాడు ఆమె బయటికి వచ్చిందన్నారు. ఎవరో చిల్లంగి పెట్టారన్నారు. దిసారి వచ్చాడు, కోడి కోశారు. అత్త మాట్లాడడం మానేసింది. ఇద్దరు ముగ్గురు పెద్దలు "తీయించేస్తే పోతుంది కదా" అని తీర్పు కూడా చెప్పేశారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అడగలేదు. నాలుగు వారాల తర్వాత ఏఎన్ఎం అమ్మ వెంటపడి మళ్లీ స్కానింగుకు తీసుకెళ్లింది. ఆ వెడల్పు మామూలు స్థాయికి తగ్గింది. ఆ బిడ్డ ఇప్పుడు మా బడిలో మూడో తరగతి చదువుతోంది. గొంతెత్తి పాఠం చదువుతుంటే పక్క తరగతికి వినిపిస్తుంది. తల్లి మాత్రం ఒకసారి సంతలో మాతో అంది: "మీరు చెప్పిన ఆ ఒక్క మాటకి నాలుగు వారాలు నాకు నిద్దర లేదు మేష్టారూ."

ఆ తర్వాతనే మేము ఈ విషయం తెలిసినవారిని అడిగి నేర్చుకున్నాం. నేర్చుకున్నది ఇక్కడ చెబుతాం. ఈ సంకలనం చదివే మన యువకులకు, తోటి ఉపాధ్యాయులకు రేపు ఇలాంటి కాగితమే చేతికి రావచ్చు.

స్కానింగ్ యంత్రం శబ్దంతో చూస్తుంది. మన చెవికి వినపడని శబ్దం కడుపులోకి వెళ్లి, తగిలినదానిని బట్టి తిరిగి వచ్చి, తెర మీద బొమ్మ అవుతుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే వైద్యుడు, ఆయన తోటివారు కలిసి 1958లో దీని గురించి మొదటి ముఖ్యమైన వ్యాసం ప్రచురించారు. వాళ్లు మొదట వాడింది లోహపు వస్తువుల్లో పగుళ్లు కనిపెట్టే పరికరం. ఇనుములో లోపం వెతికే సాధనం మనిషి కడుపు దగ్గరికి వచ్చింది. 1972లో లండన్‌లో స్టువర్ట్ క్యాంప్‌బెల్ బృందం 17వ వారంలోనే ఒక బిడ్డకు అనెన్‌సెఫలీ ఉందని ఈ యంత్రంతో కనిపెట్టింది. అనెన్‌సెఫలీ అంటే తల పైపుర్రె, మెదడులో చాలా భాగం ఏర్పడకపోవడం. అలాంటి బిడ్డ కడుపులోనే చనిపోతుంది, లేదా పుట్టాక కొన్ని గంటలో, కొన్ని రోజులో మాత్రమే బతుకుతుంది. ఇందులో వైద్యులకు సందేహం లేదు.

అన్నీ అలా తేలవు. మెదడులోని నీటి గదుల వెడల్పు 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు. 10 నుంచి 12 వరకు ఉండి, వేరే లోపమేదీ కనిపించకపోతే, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పిల్లలు మామూలుగానే ఎదుగుతారు. 15 దాటితే భయపడవలసిందే. మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోసమ్ అనే వంతెన కొందరు బిడ్డల్లో ఏర్పడదు. అదొక్కటే లోపమైతే, నలుగురిలో సుమారు ముగ్గురు మామూలుగా ఎదుగుతారని అధ్యయనాలు చెబుతున్నాయి. నాలుగో బిడ్డ ఎవరో తెర మీద రాసి ఉండదు. మెదడు మీద మడతలు సరిగా రాని లిస్సెన్‌సెఫలీ లాంటివి అయిదో నెల స్కానింగులో తేలడం కష్టం, ఎందుకంటే అప్పటికి ఏ బిడ్డకైనా ఆ మడతలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. అంటే యంత్రం కొన్ని నిజంగా చెబుతుంది, కొన్ని లెక్కగా చెబుతుంది, కొన్ని ఆలస్యంగా చెబుతుంది. ఈ మూడింటికీ తేడా తెలియకుండా మేము ఆ రోజు నోరు విప్పాం.

మెదడును కొలవడం అనే మాట వింటే మనకు ఇంకో సంగతి గుర్తుకు రావాలి. తెల్లదొరల పాలనలో మన తాతముత్తాతల తలలను, ముక్కులను ఇనుప కొలబద్దలతో కొలిచారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ ఆ పని చేసినవారిలో ఒకడు. దక్షిణ భారత కులాలు, తెగల మీద ఆయన సంపుటాలు 1909లో వచ్చాయి. ఆ కాలంలో ఆ కొలతలను బట్టి ఎవరు నాగరికులో, ఎవరు కాదో తేల్చారు. కొలతల్లో అబద్ధం లేకపోవచ్చు. కొలత నుంచి మనిషి విలువ తీయడంలో ఉంది అబద్ధం. ఆ దెబ్బ తిన్న జాతి మనది. కాబట్టి కొలత వేరు, తీర్పు వేరు అనే మాట మనకంటే బాగా ఎవరికి తెలియాలి? 11 మిల్లీమీటర్లు కొలత. "ఇది పనికిరాని బిడ్డ" అన్నది తీర్పు. ఆ కాగితంలో కొలత మాత్రమే ఉంది. తీర్పు మేము కలిపాం, ఊరు కలిపింది.

మరి తీర్పు ఎవరిది? దీనికి జవాబు చెప్పే ముందు ఇంకో తల్లి గురించి చెప్పాలి.

నాలుగేళ్ల కిందట కొండ మీది మరో ఊళ్లో ఒకామె తొలి స్కానింగు ఏడో నెలలో జరిగింది. 29 వారాలు. అనెన్‌సెఫలీ అని తేలింది. మూడో నెలలో, 11 నుంచి 13 వారాల మధ్య తీసే స్కానింగులోనే ఇది చాలావరకు కనపడుతుంది. అప్పుడు ఎందుకు వెళ్లలేదు? నెల తప్పిన తేదీ ఎక్కడా రాసి లేదు. ఇటుకల పండుగ అయ్యాక వచ్చిన పున్నమికి అని ఆమె లెక్క. ఆ లెక్క ఆమెకు సరిగ్గానే తెలుసు, కార్డులో రాసుకునేవారికి తెలియలేదు. తర్వాత వానలు పడ్డాయి, గెడ్డ పొంగింది, రెండుసార్లు బయలుదేరి వెనక్కి వచ్చారు. రోడ్డు వరకు డోలీలో మోయాలంటే నలుగురు మనుషులు కావాలి. అది నాట్ల కాలం.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో చూద్దాం. గర్భవిచ్ఛిత్తి చట్టం 1971లో వచ్చింది. 2021లో దానిని సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల వరకు కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. ఆ పరిస్థితుల్లో బిడ్డకు తీవ్రమైన లోపం ఉండడం కూడా ఒకటి. 24 వారాలు దాటాక కూడా, బిడ్డకు అలాంటి లోపం ఉందని వైద్య మండలి నిర్ధారిస్తే అనుమతి ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే కావాలి. భర్త సంతకం, అత్తమామల సంతకం చట్టం అడగదు. ఆమె పేరు బయటపెట్టడం నేరం. ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. యంత్రాన్ని లోపాలు చూడడానికి వాడవచ్చు గానీ ఆడపిల్లను వెతకడానికి వాడకూడదు.

2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ముందుకు 33 వారాల గర్భిణి కేసు వచ్చింది. బిడ్డ మెదడులో లోపం ఆలస్యంగా బయటపడింది. వైద్య మండలి ఒప్పుకోలేదు. బిడ్డ ఎంతవరకు ఎదుగుతుందో వైద్యులు గట్టిగా చెప్పలేకపోయారు. అలాంటప్పుడు తల్లి ఎంపికకే విలువ ఇవ్వాలని కోర్టు ఆమెకు అనుమతి ఇచ్చింది. మంచి మాట. కానీ మా కొండ మీది తల్లి ఆ మాట దగ్గరికి ఎలా చేరుతుంది? ఆమెకు కువి వచ్చు, తెలుగు కొద్దిగా వచ్చు. కాగితం ఇంగ్లిషులో ఉంది. వైద్య మండలి పట్నంలో ఉంది. రెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఏ గదికి వెళ్లాలో ఎవరూ చెప్పక, తెచ్చుకున్న డబ్బు అయిపోయి, భార్యాభర్తలు ఇంటికి వచ్చేశారు.

బిడ్డ పుట్టి రెండు గంటలు బతికింది. తల్లి ఎత్తుకునే ఉంది.

ఆమె ఆ బిడ్డను కనాలని నిర్ణయించుకుందా? మేము చాలాకాలం ఈ ప్రశ్న మోశాం. అంతా తెలిసి, దారులన్నీ ముందుండి, "ఎన్ని గంటలు బతికితే అన్ని గంటలు నా ఒళ్లోనే ఉండనీ" అని ఒక తల్లి కంటే, అది నిర్ణయం. దానిని ఎవరూ తప్పుపట్టకూడదు. దారి దొరక్క కంటే, అది నిర్ణయం కాదు. బయటినుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. "అడవి బిడ్డలు ప్రకృతి ఇచ్చినది స్వీకరిస్తారు" అని మన మీద కవిత్వం రాసేవారు ఈ రెండో తల్లిని చూసి మొదటి తల్లి అనుకుంటారు. బస్సు లేకపోవడానికి సంస్కృతి అని పేరు పెట్టకూడదు.

మన పెద్దల్లో కొందరు వేరే మాట అంటారు. కడుపులో ఉన్నది కన్ను చూడకూడదు, నేల కింద మొలకను తవ్వి చూస్తామా అంటారు. ఈ మాటను మేము ఎగతాళి చేయం. తెలుసుకున్నాక మోయడానికి తోడు లేకపోతే తెలియకపోవడమే సుఖం. మొదటి తల్లి నాలుగు వారాల నిద్ర ఆ మాటకు సాక్ష్యం. కానీ తెలియకపోవడం కూడా ఎవరో ఒకరి మీద బరువు పెడుతుంది. ముందే తెలిస్తే, బతకగల బిడ్డను పెద్దాసుపత్రిలో కనవచ్చు. తలలో నీరు నిజంగా పెరిగిన బిడ్డకు పుట్టగానే వైద్యం అందించవచ్చు. బతకలేని బిడ్డ విషయంలో తల్లి తన మనసును సిద్ధం చేసుకోవచ్చు. కాబట్టి చూడకూడదు అనేకంటే, చూశాక ఒంటరిగా వదలకూడదు అనడం సరైనది.

ఇక అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. మా బడిలో నడవలేని, మాట స్పష్టంగా రాని ఒక పిల్లవాడు ఉన్నాడు. వారంలో కొన్ని రోజులు మండలంలోని భవిత కేంద్రానికి వెళతాడు. తోటిపిల్లలు వంతులు వేసుకుని అతన్ని అన్నం దగ్గరికి తీసుకెళతారు. ఎవరు దొంగాట ఆడుతున్నారో అందరికంటే ముందు అతనే పట్టేస్తాడు. మెదడులో లోపం ఉన్న గర్భాన్ని తీయించుకోవచ్చు అని మేము చెబితే, ఈ పిల్లవాడితో "నువ్వు పుట్టకపోతే బాగుండేది" అన్నట్టేనా?

కాదని మా జవాబు. కానీ అంత తేలిగ్గా కాదు. ఒక తల్లి తన శరీరం, తన శక్తి, తన ఇంటి పరిస్థితి చూసుకుని ఈ గర్భం మోయగలనా అని అడగడం ఒకటి. పుట్టిన మనిషిని చూసి వీడు ఉండదగినవాడా అని అడగడం ఇంకొకటి. మొదటి ప్రశ్న అడిగే హక్కు ఆమె ఒక్కదానికే ఉంది. రెండో ప్రశ్న అడిగే హక్కు ఎవరికీ లేదు. అయితే ఈ రెండింటి మధ్య గోడ పలచనిది. బడిలో ర్యాంపు లేనప్పుడు, పింఛను కోసం పదిసార్లు తిప్పినప్పుడు, జాతరలో అలాంటి పిల్లలను చూసి జనం నవ్వినప్పుడు, తల్లి మొదటి ప్రశ్నకు జవాబు మనమే రాసేస్తున్నాం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ చట్టం మా ఊళ్లో నిజంగా నడిచిన రోజు, కడుపులో బిడ్డ గురించి తల్లి భయంతో కాక మనసుతో ఆలోచించగలుగుతుంది.

మరి ఊరి మాటకు చోటు లేదా? మనం గ్రామసభను నమ్మే మనుషులం. భూమి, అడవి, గని విషయంలో గ్రామసభ మాటే చివరిమాట కావాలని 1996 నాటి పీసా చట్టాన్ని పట్టుకుని పోరాడుతున్నాం. ఆ పోరాటంలో మేమూ ఉన్నాం. అయినా ఒక స్త్రీ గర్భం ఉమ్మడి పొలం కాదు. అక్కడ ఊరికి ఓటు లేదు, మోత మాత్రమే ఉంది. డోలీ మోయాలి, డబ్బు సర్దాలి, పెద్దపిల్లలను చూసుకోవాలి, నిందను ఆపాలి. ఆమె ఉంచుకున్నా తీయించుకున్నా అదే మోత మోయాలి. ఈ మాట మన పెద్దలకు రుచించదని తెలుసు. అయినా చెప్పాలి.

ఉపాధ్యాయులుగా, యువకులుగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. కొత్తగా పెళ్లయిన ఇంట్లో ఒక క్యాలెండరు ఉండేలా చూద్దాం. పండుగ లెక్క తెలిసినవారితో కూర్చుని దానిని తేదీలోకి మార్చిపెడదాం. మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం అని కూడా తెలియదు. అందుకే ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే వేసుకోవాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు. ఒకసారి ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లికి డాక్టరు ఇంకా ఎక్కువ మోతాదు రాస్తారు. అలాంటి తల్లులకు ఈ మందు ఇస్తే మళ్లీ అదే లోపం రావడం సుమారు 70 శాతం తగ్గుతుందని 1991లో ప్రచురించిన పెద్ద అధ్యయనం చూపింది. మేనరికం గురించి కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి. మేనరికాలన్నిటా ఇలాంటి బిడ్డలే పుడతారనుకోకూడదు. కానీ కొన్ని అరుదైన మెదడు లోపాలు తల్లిదండ్రులిద్దరిలో ఒకే దాగిన జన్యులోపం ఉంటే వస్తాయి, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో. దగ్గర చుట్టరికంలో అది కలవడం ఎక్కువ. ఒకసారి అలా జరిగిన ఇంటికి ఈ సంగతి నిందగా కాక, జాగ్రత్తగా చెప్పాలి.

కాగితం చేతికి వస్తే చదవండి, కానీ అర్థం కల్పించకండి. డాక్టరును అడగడానికి మూడు ప్రశ్నలు రాసి ఇవ్వండి. ఇందులో ఖాయంగా తెలిసింది ఏమిటి? ఖాయంగా తెలియనిది ఏమిటి? నిర్ణయించుకోవడానికి మాకు ఎన్ని రోజులు ఉన్నాయి? తలుపు వేసి ఆమెతో మాట్లాడండి, తలుపు తీశాక మరిచిపోండి.

మన పిల్లల్లో నర్సింగ్ చదివేవారున్నారు. స్కానింగ్ తీయడం నేర్చుకునేవారు, డాక్టర్లయ్యేవారు కూడా రావాలి. ఆ చీకటి గదిలో తెర ముందు కూర్చుని, కువిలోనో కోయలోనో సవరలోనో "అమ్మా, కనపడింది ఇది, కనపడనిది ఇది" అని చెప్పే గొంతు ఒకటి ఉంటే, మాలాంటి మేష్టార్లు తప్పు అర్థాలు చెప్పే అవసరం ఉండదు.

పోయిన ఏడు ఆ రెండో తల్లి మళ్లీ గర్భవతి అయింది. ఈసారి ముందునుంచే మాత్రలు వేసుకుంది. తేదీ గోడ మీద బొగ్గుతో రాసుకుంది. పన్నెండో వారంలో స్కానింగుకు వెళ్లేటప్పుడు మా ఇంట్లో ఆమె, ఆశా వర్కరు తోడు వెళ్లారు. మేము బస్సు దాకా వెళ్లాం. సాయంత్రం తిరిగి వచ్చి ఆమె కాగితం మా చేతికి ఇవ్వబోయింది. చదవాలని చేయి చాచబోయి ఆగాం. "డాక్టరు ఏం చెప్పారమ్మా?" అని అడిగాం. పుర్రె కనపడిందని, అయిదో నెలలో మళ్లీ చూస్తారని, అప్పటిదాకా ఇంకేమీ చెప్పలేమన్నారని, తనకు అర్థమైనది తన మాటల్లో తానే చెప్పింది. కాగితం మడిచి కొంగున కట్టుకుని ఇంటికి వెళ్లింది.